పిట్ట ముట్టలేదు

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

అందరూ క్షేమమా. ఉత్తరం తప్ప వేరే రాత నాకు రాదు, అందుకే అట్లా మొదలుపెట్టాను. ఆయన మస్కట్‌లో ఉన్న పదకొండేళ్లూ నెలకు రెండు ఉత్తరాలు రాశాను. ఐదో తరగతి చదువుకు అదే ఎక్కువ. ఇప్పుడు ఆయన లేడు, ఉత్తరాలూ లేవు. ఎరువుల దుకాణం వాళ్లు ఇచ్చిన ఈ డైరీ ఖాళీగా పడి ఉందని కోడలు నవత నా ముందు పెట్టింది. "నీ ఫికర్లన్నీ గిండ్ల రాసుకో అత్తమ్మా, మా చెవులకు జర సెలవియ్యి" అన్నది.

కొడుకు సంపత్‌కు నడుము నొప్పి ఎట్లా ఉందో. అడిగితే మంచిగనే ఉంది అంటాడు. పసుపు బస్తా ఎత్తేటప్పుడు పళ్లు బిగబడతాడు, నేను చూడలేదనుకుంటాడు. నవత దగ్గు తగ్గలేదు. బీడీల చాట ముందు నుంచి లేస్తే కదా తగ్గడానికి. మనుమరాలు నవ్యశ్రీకి జ్వరం పోయింది, నాలుక మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. బర్రె నిన్న సగం కుడితి వదిలేసింది. నా సంగతి, పొద్దున బీపీ గోలీ వేసుకున్నానో లేదో గుర్తులేక ఇంకొకటి వేసుకున్నాను. ఇప్పుడు అదొక టెన్షన్.

ఎవరు ఎదురైనా నేను అడిగేది ఒకటే, మంచిగున్నవా, నీకేం గాలే గద అని. "అయిందని చెప్పేదాక ఇడిచిపెట్టది మా అవ్వ" అని సంపత్ నవ్వుతాడు.

పావెకరం జొన్న పాలు పోసుకుంది. ఇంట్లో రొట్టెలకు అదే. మంచె వేశారు, దాని మీద నేను. నూనె డబ్బా, దాన్ని కొట్టడానికి కట్టె, వడిసెల, ఇన్ని రాళ్లు. పొడుగు బొంగుకు నా పాత ఎర్ర చీర పేలిక కట్టుకున్నాను. ఏడేళ్ల పిల్లప్పటి నుంచి పిట్టలు కొడుతున్నాను. రెక్క కనబడితే చేయి నన్ను అడగదు, దానంతట అదే లేస్తుంది. జొన్న పక్కన పసుపు తవ్విన మడి ఉంది. పొడుగ్గా, నున్నగా, కాలువ గట్టు దాకా.

ఈ మధ్య ఒక చిన్న విమానం మా మెట్‌పల్లి మీదుగా పోతోంది. ట్రైనింగ్ విమానమట, పిల్లలు ఒక్కరే కూర్చుని నేర్చుకుంటారట. నవ్యశ్రీ చెప్పింది. అందులో ఉన్న పిల్లల తల్లికి అన్నం ఎట్లా దిగుతుందో.

4 ఫిబ్రవరి, మంగళవారం

చిలుకలు విపరీతం. అరిచి అరిచి గొంతు పోయింది. బర్రె కుడితి తాగింది.

5 ఫిబ్రవరి, బుధవారం

మా పసుపు మడి చివర, కాలువ గట్టు దగ్గర ఆ విమానం పడింది. నడిపిన పిల్ల చనిపోయింది. ఆడపిల్ల.

నేను మంచె మీదనే ఉన్నాను.

6 ఫిబ్రవరి, గురువారం

ఊరంతా మా పొలంలోనే ఉంది. పోలీసులు పసుపు రంగు రిబ్బన్ కట్టారు, దాని మీదుగానే పిల్లలు వంగి చూస్తున్నారు. మడి అంతా అడుగులే, ఎవరి అడుగు ఏదో తెలియదు.

పిల్ల పేరు సృజన. ఇరవై ఒక్క ఏళ్లు. బెల్లంపల్లి పిల్ల. తండ్రి బొగ్గుబాయిలో పని. ఇంజిన్ పవర్ పోయిందంటున్నారు. అది నిజమే, నేను విన్నాను. రెండుసార్లు దగ్గినట్టు అయి ఆగిపోయింది.

జొన్న అవతల మేకలు కాసే అంతయ్య పేపరు విలేకరి హరీష్‌కు ఎదురెళ్లి మరీ చెప్పాడు. "జొన్న మీదికెల్లి ఎర్రగుడ్డ ఆడుతుంటె నా కండ్లతోని జూసిన. గీడ దిగు బిడ్డా, గీడ దిగు అన్నట్టు ఊపింది మా భూమవ్వ" అన్నాడట. హరీష్ నా దగ్గరికొచ్చి, మంచె మీద నుంచే ఊపినవా అవ్వా అన్నాడు. తల ఊపాను. నోటితో అబద్ధం చెప్పలేదు, తల ఊపాను అంతే.

7 ఫిబ్రవరి, శుక్రవారం

పేపర్లో వచ్చింది. ఎర్రగుడ్డతో దారి చూపిన వృద్ధురాలు అని. నా ఫోటో కూడా. నవత దాన్ని కత్తిరించి మెట్‌పల్లి పంపి లామినేషన్ చేయించింది. దేవుడి పటాల పక్కన మేకుకు వేలాడదీసింది. వద్దన్నాను. "సిగ్గువడుతవేందత్తమ్మా, నీ అసుంటోళ్లు ఎంతమందున్నరు" అన్నది.

8 ఫిబ్రవరి, శనివారం

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్ మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. ఆగేసరికి నేను మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయాను.

సాయంత్రం సంపత్ వాకిట్లో ట్రాక్టర్ ఆపాడు. చేతిలో పళ్లెం జారి పడింది. "అవ్వా, ఇంజిన్ బంద్ జేసిన గంతే" అన్నాడు వాడు. అదే కదా.

చప్పుడుకు భయపడేవాళ్లను చూశాను. నాకు చప్పుడు ఆగితే భయం.

10 ఫిబ్రవరి, సోమవారం

ఆఫీసర్లు వచ్చారు, ముగ్గురు. ఒకాయనకు తెలుగు వచ్చు. టేపుతో మడి కొలిచారు. నన్ను ఎక్కడున్నావన్నారు. మంచె మీద అన్నాను. ఏం చూశావన్నారు. దూరం, సరిగా కనబడలేదు అన్నాను. సంతకం పెట్టమన్నారు. నాకు సంతకం వచ్చని ఎప్పుడూ మురిసిపోయేదాన్ని. ఈసారి వేలిముద్ర అయితే బాగుండేది అనిపించింది.

పోయేటప్పుడు తెలుగాయన సంపత్‌తో మాట్లాడుతుంటే విన్నాను. ఇంజిన్ ఆగడం పిల్ల తప్పు కాదట. ఎదురుగా ఇంత మంచి మడి ఉంది, నేరుగా దిగి ఉంటే కాళ్లో చేతులో విరిగి బతికేదట. నేలకు అంత దగ్గర్లో ఒక్కసారిగా పక్కకు తిప్పింది, రెక్క నేలకు తాకింది. ఎందుకు తిప్పిందో ఎవరికీ అర్థం కావడం లేదట. "చిన్నపిల్ల, గాభరా పడింది. అట్లాగే రాయాల్సి వస్తుంది" అన్నాడు.

అట్లాగే రాస్తారట.

13 ఫిబ్రవరి, గురువారం

ఈరోజు తొమ్మిదో రోజు. ఆ పిల్ల తల్లీతండ్రీ బెల్లంపల్లి నుంచి వచ్చారు.

మూడో రోజున వాళ్ల ఇంటి దగ్గర పిట్టకు పెట్టారట. పిల్లకు ఇష్టమైనవన్నీ పెట్టారట. పొద్దు పోయేదాకా చూసినా పిట్ట ముట్టలేదట. పిట్ట ముడితేనే కదా పోయినవాళ్ల మనసు నిమ్మళించినట్టు. ప్రాణం పోయిన తావులో పెట్టి చూడండని పెద్దవాళ్లు ఎవరో అన్నారట. అందుకు వచ్చారు.

తల్లి పేరు రోజారాణి. మోదుగాకు విస్తరి పరిచింది. అన్నం, కోడికూర, సర్వపిండి, ఒక కూల్‌డ్రింక్ సీసా మూత తీసి పెట్టింది. అందరం గట్టు కిందికి జరిగి కూర్చున్నాం. "రావే బిడ్డా. వచ్చి తినిపో. కోపమున్నా తినిపో" అని ఆమె పిలుస్తూనే ఉంది. కాకులు కాలువ అవతల ఉన్నాయి. గోరింకలు తీగల మీద ఉన్నాయి. ఒక్కటి ఇటు రాలేదు. నా మంచె మీద ఎర్ర పేలిక గాలికి ఆడుతూనే ఉంది. అది నేను చూశాను. వాళ్లు చూడలేదు.

తండ్రి రామచంద్రం ఎక్కువ మాట్లాడలేదు. ఇంజిన్ ఎంతసేపు దగ్గింది, ఎంతసేపటికి ఆగింది అని మాత్రం అడిగాడు. బాయి లోపల గాలి ఫ్యాన్ ఆగితే వాళ్లూ అట్లాగే ఒకరి మొఖం ఒకరు చూసుకుంటారట. "చప్పుడున్నన్ని రోజులు దాని సంగతే యాదికుండది పెద్దమ్మా. ఆగినంకనే తెలుస్తది, గదే మనల్ని బతికిచ్చిందని" అన్నాడు. నా లోపలిది చదివినట్టు అన్నాడు.

రోజారాణి నా పక్కకు జరిగింది. "అందరికంటె ముందు నువ్వే వోయినవట గద పెద్దమ్మా. అప్పటికి పానమున్నదా? ఏమన్న అన్నదా?" అని అడిగింది.

లేదు బిడ్డా అన్నాను.

నేర్పేటప్పుడు మొదటి రోజే చెప్పారట, ఇంజిన్ ఆగితే ముక్కు ఎటుంటే అటే దిగాలి, నేల దగ్గర తిప్పొద్దని. ఇంటికి ఫోన్ చేసి ఆ పిల్ల తల్లికి కూడా ఆ పాఠం అప్పజెప్పిందట. "గంత ఎరుకున్న పిల్ల ఎందుకు తిప్పింది పెద్దమ్మా? భయపడ్డదంటున్నరు. నా బిడ్డ భయపడి తప్పు జేసి సచ్చిందా?" అని నా చేయి పట్టుకుంది. దారి చూపినందుకు నా కాళ్లకు మొక్కబోయింది. వెనక్కి జరిగాను.

పొద్దు గూకుతుంటే లేచారు. పిట్ట ముట్టలేదు. వాళ్లు పోయినంక విస్తరిని కుక్క తిన్నది.

14 ఫిబ్రవరి, శుక్రవారం

రాస్తాను. రాయకపోతే ఇది నా గొంతులో ముల్లు.

మంచె మీద లేను నేను.

ఇంజిన్ ఆగింది. తల ఎత్తి చూస్తే మామిడితోట మీదుగా అది దిగి వస్తోంది. చప్పుడు లేదు. కోడిపిల్ల మీదికి గద్ద దిగినట్టు, రెక్కలు ఆడించకుండా దిగుతోంది. నాకు లోపల మనిషి ఉందన్న సోయి లేదు. పెద్ద రెక్కలు, నేలకు వస్తోంది, నా జొన్న మీద వాలుతుంది. అంతే తోచింది. అరవై ఏళ్లుగా నా చేతులకు తెలిసింది ఒక్క పనే. బొంగు పట్టుకుని మంచె దూకాను. ఈ మోకాళ్లతో ఎట్లా దూకానో తెలియదు. పసుపు మడి నడుమకు ఉరికాను. అది దిగాల్సిన చోటికి, సరిగ్గా దాని ఎదురుగా. ఎర్ర పేలిక ఆడిస్తూ హో హో ఫో ఫో అని అరిచాను.

దిగు బిడ్డా అని కాదు. ఫో అని.

దగ్గరికొచ్చాక అద్దంలో మొఖం కనిపించింది. తెల్లచొక్కా. ఆ పిల్ల నన్ను చూసింది. నేను పక్కకు జరగలేదు, కాళ్లు కదల్లేదు. అప్పుడే విమానం పక్కకు ఒరిగింది. ఒక రెక్క ఆకాశంలోకి లేచింది, ఇంకొకటి మట్టిని గీరింది. నా నుంచి పదడుగులు ఉందేమో. గాలి నా చీర లాగింది. తర్వాత గట్టు.

పోయాను. సీటు బెల్టుకు వేలాడుతోంది. చెవి నుంచి రక్తం. కండ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూసింది. చూసి, "అవ్వా, నీకేం గాలే గద?" అన్నది.

పుట్టినప్పటి నుంచి ఊరందరినీ నేను అడిగే మాట. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఆ పిల్ల అడిగింది. నేను జవాబు చెప్పలేదు. నా చేతిలో ఆ పేలిక అట్లాగే ఉంది. జవాబు కోసం నా దిక్కే చూస్తూ ఉంది, చూస్తూ చూస్తూనే పోయింది. తర్వాత అంతయ్య ఉరికొచ్చాడు. అతనికి జొన్న అడ్డం, గుడ్డ ఒక్కటే కనిపించింది.

గాభరా పడలేదు. తప్పు చేయలేదు. నన్ను తప్పించింది.

పావెకరం జొన్న కోసం.

15 ఫిబ్రవరి, శనివారం

మంచె ఎక్కలేదు.

19 ఫిబ్రవరి, బుధవారం

ఎర్ర పేలిక విప్పి కాలువలో వేశాను. మునగలేదు, చాలా దూరం పైకి కనబడుతూనే పోయింది.

నాలుగు రోజులుగా చిలుకలు చేను మీదే ఉన్నాయి. తిననీ. నవత చూసి వచ్చి నెత్తి కొట్టుకుంది. "ఒక్క కంకిల గింజ లేదు. ఆడ గూసోని ఏం జేస్తున్నవత్తమ్మా, వాటికి వడ్డిస్తున్నవా?" అన్నది. నవ్వులాటకే అన్నది. అవునని చెప్పబోయి ఊరుకున్నాను.

అంత చేను తిన్న పిట్టలు పక్కన ఆ గట్టు మీద మాత్రం ఒక్కటి వాలడం లేదు. రోజూ చూస్తున్నాను.

22 ఫిబ్రవరి, శనివారం

ఇంట్లో చెప్పేశాను. తినేటప్పుడు, పొద్దున. సంపత్ చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

ముందు వాడు కోపానికొచ్చాడు. "ఇంజినేమన్న నువ్వు బంద్ జేసినవా? అది చెడిపోయింది, పడ్డది. నువ్వు ఊపకున్నా పడుతుండె" అన్నాడు. పడేది. కానీ మడిలో పడేది. ఆ సంగతి వాడికీ తెలుసు, ఆఫీసర్ వాడితోనే చెప్పాడు. "సంతకం వెట్టినంక మాట మారుస్తె కేసైతది, ఊకో" అన్నాడు తర్వాత. నవత, "వాళ్లకు తెల్వనే తెల్వది. తెలిస్తె వాళ్ల బిడ్డ లేసొస్తదా అత్తమ్మా? నిన్ను తిట్టుకుంట బతుకుతరు గంతే" అన్నది. నా మేలు కోరే అన్నది, నాకు తెలుసు.

నవ్యశ్రీ పుస్తకం మూసి, "మరి గా అక్క తప్పు జేసిందని కాయితంల రాస్తరు గద నాయినమ్మా. ఎప్పటికట్లనే ఉంటది గద" అన్నది.

నవత లేచి గిన్నెలు తీసింది. మళ్లీ వచ్చి మేకుకున్న లామినేషన్ పేపరు తీసి బీరువా కిందికి తోసింది.

24 ఫిబ్రవరి, సోమవారం

నేను చేద్దామనుకుంటూనే ఉన్నాను, రోజారాణే ఫోన్ చేసింది. పదకొండో రోజున ఇంటి దగ్గర మళ్లీ పెట్టారట. ముట్టలేదట. రామచంద్రం డ్యూటీకి పోవడం లేదట, గాభరా అన్న ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాడట. "మంచిగున్నవా పెద్దమ్మా" అని అడిగింది ముందు. ఎవరినైనా నేను అడిగే మాటే.

నేను ఆపకుండా చెప్పాను. మంచె దూకింది, ఫో అన్నది, పక్కకు జరగనిది, ఆ పిల్ల అడిగింది, నేను జవాబియ్యనిది. చెప్పడం అయిపోయింది. అటునుంచి చప్పుడు లేదు. ఊపిరి కూడా లేదు. ఫ్యాన్ ఆగినట్టు, ఇంజిన్ ఆగినట్టు.

తర్వాత ఫోన్ కట్ అయింది.

25 ఫిబ్రవరి, మంగళవారం

ఫోన్ రాలేదు.

26 ఫిబ్రవరి, బుధవారం

ఫోన్ రాలేదు. రోజారాణికి ఏమైనా అయిందేమో. రామచంద్రానికి బీపీ ఉందో ఏమో. నేను అడగలేదు.

27 ఫిబ్రవరి, గురువారం

సంపత్ నాతో చెప్పకుండానే ఆ తెలుగు ఆఫీసర్‌కు ఫోన్ చేశాడు. ఆయన మళ్లీ వచ్చి రాసుకుంటాడట. కేసు సంగతి ఏమీ అనలేదట. ముందే ఎందుకు చెప్పలేదు అని మాత్రం అడిగాడట. "ఏం జెప్పాలె అవ్వా?" అని సంపత్ నన్ను అడిగాడు. భయపడ్డది ఆ పిల్ల కాదు, మా అవ్వ అని చెప్పమన్నాను.

బెల్లంపల్లి నుంచి ఫోన్ రాలేదు.

1 మార్చి, శనివారం

వచ్చింది.

రోజారాణి మంచిగున్నవా అని అడగలేదు. "నా బిడ్డ గాభరా పడలే. గంతే గద?" అన్నది. అంతే అన్నాను. "నిన్ను చూసే తిప్పింది." అవునన్నాను. "నీకేం గాలే గద అన్నది." అవునన్నాను. మూడుసార్లు చెప్పించుకుంది ఆ మాట. ఒకసారి ఫోన్ రామచంద్రం చెవికి పెట్టి చెప్పమన్నది. ఆయన గొంతు సవరించుకున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడు నాకు బతుకు.

మళ్లీ ఆమె తీసుకుంది. "మాఫ్ చెయ్యమని మాత్రం అడుగకు పెద్దమ్మా, అది నాతోని గాదు" అన్నది. నేను అడగలేదు. "నెలకు మళ్ల వస్తం. ఆన్నే పిట్టకు వెడుతం. ఈసారి నేను పిలువ. కొట్టిన చెయ్యి నీదే, నువ్వే వెట్టాలె. ఫో అన్న నోరు నీదే, నువ్వే రమ్మని పిలువాలె" అన్నది.

సరే అన్నాను. పిల్లకు కోడికూరలో కారం ఎంత ఉండాలని అడిగాను. చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది.

3 మార్చి, సోమవారం

మంచె విప్పించాను. చేనులో గింజ లేదు.

పొద్దున పోయి చూస్తే పసుపు మడి నిండా పిట్టలు. చిలుకలు, గోరింకలు, కాకులు, అన్నీ నేల మీద కూర్చున్నాయి. ఒక్కటీ అరవడం లేదు. చేయి లేస్తుందేమోనని రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. లేవలేదు. నాకేం గాలే బిడ్డా, మంచిగున్న అని వాటికి చెప్పాను.

ఎల్లుండి బుధవారం, మార్చి ఐదు, పొద్దున పదింటికి రోజారాణి వాళ్లు వస్తారు.